మొదటి పోగు మీరే కోయండి

మా తంగెళ్ళమూడిలో తివాచీ మగ్గాలు తగ్గిపోయాయి గాని తివాచీ తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. మొన్న మా వీధి చివరి ఇంటి ఆడపిల్లలిద్దరు వచ్చి, దుబాయ్‌లో పాత తివాచీలు బాగుచేసేచోట పని దొరికిందనీ, వెళ్ళేముందు నాలుగు మాటలు చెప్పమనీ అడిగారు. నేను నాలుగు మాటలతో ఆగే మనిషిని కాదని ఏలూరంతా తెలుసు. అందుకే కూర్చుని రాస్తున్నాను. జీతం, వీసా, టికెట్టు సంగతులు ఏజెంటునడగండి. అసలు పని ఏమిటో నన్నడగండి.

నా పేరు కరుణమ్మ. మా అమ్మ ఈ ఊళ్ళోనే తివాచీలు నేసింది, నేనూ పావడాలు కట్టుకునే వయసు నుంచి మగ్గం ముందు కూర్చున్నాను. దుబాయ్ మాత్రం వంటపనికి వెళ్ళాను. ఆ ఇంట్లో పిల్లి గీరేసిన తివాచీని ఒకరోజు తీరిగ్గా కూర్చుని బాగుచేస్తుంటే ఇంటాయన చూసి, అల్ కుసైస్‌లో తనకు తెలిసిన వర్క్‌షాపుకు చెప్పాడు. అక్కడే వయసు మళ్ళేదాకా పనిచేశాను. పోయినేడు తిరిగొచ్చాను. అడిగినవాళ్ళకు రిటైరయ్యానని చెబుతున్నాను. ఎలా రిటైరయ్యానో దీని చివరికి మీకే తెలుస్తుంది.

ఖాళీగా ఉండే చోటు

మా దగ్గరకు రకరకాల తివాచీలు వచ్చేవి. ఇరాన్‌వి, అఫ్ఘానిస్తాన్‌వి, కాశ్మీర్ పట్టువి. నన్ను పట్టుకుని వదలనివి మాత్రం టర్కీ నమాజు తివాచీలే, అవీ ముత్తాతల కాలంనాటివి. కొత్తలో నాకూ నచ్చలేదు. ఇరాన్ తివాచీ ముందు పెడితే అవి కాస్త మోటుగా కనిపిస్తాయి. పూవు ఒక పక్క పెద్దది, ఒక పక్క చిన్నది. అంచు డిజైను మూల తిరిగేచోట కుదరక ఎలాగోలా సర్దేసి ఉంటుంది. ఒకే ఎరుపు సగం దూరం పోయాక ఇంకో ఎరుపవుతుంది. రంగువేసిన ఉన్ని అయిపోతే ఆ ఇల్లాలు మళ్ళీ రంగు కాచుకుని ఉంటుంది, రెండోసారి అదే ఎరుపు రాలేదన్నమాట. మా అమ్మకూ ఎప్పుడూ రాలేదు.

ఆ తివాచీకి ప్రాణం మధ్యలో ఉండే గూడు. పాత ఇళ్ళల్లో దీపం పెట్టుకోవడానికి గోడలో గూడు వదిలేవాళ్ళు కదా, ఆ ఆకారం. మసీదులో మక్కా దిక్కు చూపించే గోడకు అలాంటి గూడే ఉంటుంది. తివాచీ పరిచి ఆ గూటి కొస అటు తిప్పితే చాలు, ఉన్నచోటే మసీదు. కొన్ని ఊళ్ళవాళ్ళు గూటిని మెట్లు మెట్లుగా నేస్తారు, కొందరు దానికి అటూ ఇటూ స్తంభాలు నిలబెడతారు. పైనుంచి దీపం వేలాడదీసేవాళ్ళున్నారు, కాళ్ళూ చేతులూ కడుక్కోవాలని గుర్తుచేయడానికి నీళ్ళ కూజా నేసేవాళ్ళున్నారు. గూటి చుట్టూ అంచు మీద అంచు, పూలు, ఆకులు, తులిప్ మొగ్గలు కిక్కిరిసి ఉంటాయి. గూటి లోపల మాత్రం, ఆ దీపమో కూజానో ఉంటే ఉంటుంది, అంతకుమించి ఏమీ ఉండదు. ఒట్టి ఎరుపు, లేకపోతే ఒట్టి నీలం. నేతగత్తె అంత నేర్పూ చుట్టూ చూపించి, మధ్యలో చేతులు కట్టుకుని ఊరుకుంటుంది. ఎందుకంటే అది మనిషి నిలబడే చోటు. ఇది అర్థమైన రోజు నుంచి నాకు వేరే తివాచీలు కాస్త వాగుడుకాయల్లా కనిపించడం మొదలుపెట్టాయి.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. ఇనుప రజను కలిపి అద్దిన నల్ల రంగు ఏళ్ళ మీద ఉన్నినే తినేస్తుంది. అందువల్ల నల్ల గీతలున్న చోట పల్లమై, పక్కనున్న పూలు చెక్కినట్టు పైకి లేస్తాయి. తెలియనివాళ్ళు దాన్ని చిల్లనుకుని కొత్త నల్ల ఉన్నితో పూడుస్తారు. పూడ్చిన తివాచీని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కాలం చేసిన పనంతా చెరిపేసి, పైగా బిల్లు వేస్తారు.

ఉస్తా

నాకు ఈ పని నేర్పినాయన కొన్యా వైపు పల్లెటూరి టర్కీ మనిషి. అందరూ ఉస్తా అనేవాళ్ళం, మేస్త్రీ అన్నట్టు. ముక్కు మీద కోపం. హిందీ పది ముక్కలొచ్చు, ఆ పది ముక్కల్లో ఏడు తిట్లు.

చేరిన కొత్తలో నాకిచ్చిన అరచేయంత చిరుగును ఎవరూ పట్టుకోలేనంత అందంగా పూడ్చానని మురిసిపోయాను. ఉస్తా దాన్ని తిరగేసి వెనకవైపు చూశాడు, వేలితో నిమిరాడు, కత్తెర తీసుకుని నేను వేసిన ముడులన్నీ విప్పడం మొదలుపెట్టాడు. మా ఏలూరు ముడి ఒక పడుగు పోగును చుట్టి రెండోదాని పక్కనుంచి జారుతుంది. టర్కీ ముడి రెండు పోగుల మెడా చుట్టి మధ్యలోంచి పైకి వస్తుంది. పైకి రెండూ ఒకటే. నిమిరి చూస్తే మాది పక్కకు ఒరుగుతుంది, వాళ్ళది తిన్నగా నిలబడుతుంది. అలాంటివి కొన్ని వందలు వేస్తే ఎండ పడినప్పుడు ఆ ముక్క ఒక్కటీ వేరే రంగులో మెరుస్తుంది.

విప్పడం అయ్యాక ఉస్తా తిట్టలేదు. "ఇది మీ ఊరి ముడి. మంచి ముడే. మీ ఊరి తివాచీకి వేసుకో" అన్నాడు.

ఆ మాట నాకు ఉద్యోగం మొత్తానికి సరిపోయింది. మన చేతికి ఎంత బాగా వచ్చినా, ఎదుటి తివాచీకి చెందనిది దాని మీద వేయకూడదు. బాగుచేసిన చోటు బాగుచేసినట్టు తెలియకూడదనేది ఆయన రెండో మాట. దాన్ని నేను ఒకేఒక్కసారి మీరాను. ఆ సంగతికే వస్తున్నాను.

కరోనా ఏడు విమానాలు మళ్ళీ మొదలవగానే ఉస్తా తన ఊరు వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు మా మేనేజర్‌ని పిలిచి, టర్కీ తివాచీలన్నీ ఇకమీదట నా బల్ల మీదికే రావాలని చెప్పి వెళ్ళాడు. మేనేజర్ పెషావర్ మనిషి. మేం ముదీర్ అనేవాళ్ళం, అరబ్బీలో మేనేజరనే. మాట తీపి, లెక్క ఘాటు. తివాచీ లోపలికి రాగానే ఆయన కన్ను దాని అందం మీద కాదు, తెచ్చినవాళ్ళ బండి మీద పడేది.

కోత పద్ధతి

మీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. బాగుచేయడమే పనని వెళ్తారు. కోయడం కూడా పనే. సోఫా కిందికి పట్టడం లేదని, కొత్త ఫ్లాట్‌లో హాలు చిన్నదని, అన్నదమ్ములు పంచుకున్నారని, తివాచీలు కోయమని తెస్తూనే ఉంటారు.

కోతకు నాకొక పద్ధతి ఉండేది. అది ఉస్తా నేర్పింది కాదు, మా అమ్మది. ఇక్కడ షావుకార్లు తివాచీ మగ్గం మీద ఉండగానే తొందరపెట్టేవాళ్ళు, ఇక దించెయ్యి, ఇక దించెయ్యి అని. దించాక జానెడు తక్కువైందని గొడవపెట్టుకునేదీ వాళ్ళే. అందుకని మా అమ్మ కత్తెర షావుకారు చేతికిచ్చి, మొదటి పోగు మీరే కోయండి బాబూ అనేది. కోసినవాడు తరవాత నోరెత్తలేడు కదా. కొందరు కత్తెర పట్టుకుని ఒక్క క్షణం ఆగి, సర్లే ఇంకో నాలుగు వరసలు వెయ్యి అని వెళ్ళిపోయేవాళ్ళు. అమ్మ నవ్వుకునేది.

అల్ కుసైస్‌లో నేనూ అదే పెట్టుకున్నాను. కోయమన్నవాళ్ళే వచ్చి మొదటి పోగు కోయాలి. ముదీర్‌కు ఇది తలనొప్పే అయినా, తరవాత కస్టమర్లతో పేచీలు తగ్గాయని ఊరుకున్నాడు. అలా అందరూ మనసు మార్చుకున్నారని అనుకోకండి. చాలామంది కోశారు. మనవైపు ఇంజనీరొకాయన వందేళ్ళ తివాచీని నడవాలోకి పట్టేలా సన్నగా కోయించుకున్నాడు. కత్తెర ఇస్తే ఫోన్ చెవికి ఆన్చుకుని మాట్లాడుతూనే టక్కున కోశాడు. మిగతాది నేను కోశాను, అంచులు శుభ్రంగా కట్టి ఇచ్చాను. తివాచీ ఆయనది. మన పని ఏడవడం కాదు. ఏం పోతుందో తెలిసి కోశాడా లేదా అన్నదొక్కటే మన పూచీ.

నాలుగు గూళ్ళ తివాచీ

మసీదులు మూసి మళ్ళీ తెరిచినప్పుడు, ఎవరి తివాచీ వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోమన్నారు. దాంతో ఏళ్ళుగా పెట్టెల్లో మగ్గుతున్న నమాజు తివాచీలు బయటికి వచ్చి, పురుగు కొట్టినవీ చివికినవీ అన్నీ మా షాపుకు చేరాయి. ఊపిరాడని పని. ఆ తరవాతి చలికాలంలో అల్ ఐన్ అనే దూరపు ఊరి నుంచి ఒక పొడుగాటి చుట్ట వచ్చింది.

ఉతికే సెక్షన్లో జగిత్యాల రాజన్న ఉండేవాడు. చుట్ట విప్పి నన్ను కేకేశాడు. వెళ్ళి చూసి అక్కడే నిలబడిపోయాను. నాలుగు గూళ్ళు పక్కపక్కన, ఒకే తివాచీలో. దీన్ని సఫ్ అంటారు, నమాజులో భుజం భుజం కలిపి నిలబడే వరుస అని. వాడిన ఎరుపు, గోధుమ పసుపు, నడుమ సన్నటి నీలి స్తంభాలు. ఇలాంటివి ముక్కలైనవే చూశాను గాని నిండుగా ఉన్నది చూడటం అదే మొదలు. ముక్కలుగా అమ్మితే ఎక్కువ వస్తుందని వ్యాపారులు ఏనాడో కోసిపారేశారు.

కాగితం మీద పని వివరం చదివాను. నాలుగు ముక్కలుగా కోయాలి. మూడు అల్ ఐన్‌కు, ఒకటి దుబాయ్‌లోనే డేరా అనే పేటలో పాత సామాన్లమ్మే ఒక వ్యాపారికి.

సంగతి ఏమిటంటే, ఆ ఇంటి తండ్రి ఎప్పుడో ఇస్తాంబుల్ నుంచి దాన్ని తెచ్చి భార్యకిచ్చాడు. ఇంట్లో ఆడవాళ్ళ వరుస ఆ తివాచీ మీదే. కుడి కొసన తల్లి, పక్కన ముగ్గురు కూతుళ్ళు, వరసగా మోజా, హెస్సా, షమ్మా. తల్లి ఆ ఏడే పోయింది. తివాచీ ఇప్పుడు ఆఖరిది షమ్మా దగ్గరుంది, తల్లి ఇంట్లో ఉంటున్నది తనే కాబట్టి. నడిపిది మోజా, ఏదో స్కూల్లో ప్రిన్సిపాల్, నా వాటా నాకు కోసివ్వమంది. పెద్దామె హెస్సా సర్దిచెప్పబోయి ఇద్దరితోనూ మాటపడింది. చివరికి ఎవరి గూడు వాళ్ళకు కోద్దామనుకున్నారు. తల్లి గూడు ఎవరికన్న దగ్గర మాత్రం తెగలేదు. ఒకరికి దక్కితే మిగతా ఇద్దరూ ఓర్చుకోలేరు. అందుకని దాన్ని ఎవరూ ఉంచుకోకుండా అమ్మేసి, తల్లి పేర దానం చేద్దామన్నారు. ఆ సలహా ఇచ్చింది మా ముదీరేననీ, డేరా వ్యాపారి ఆయన పాత స్నేహితుడేననీ నాకు తరవాత తెలిసింది.

తల్లి గూడు ఏదో ఎవరూ చెప్పనక్కరలేదు. మోకాళ్ళానే చోట ఉన్ని అరిగిపోయి పడుగు బయటపడింది. ముదీర్ దాన్ని కూడా పూడ్చమన్నాడు, అమ్మకానికి బాగుండాలని.

రాజన్న నీళ్ళ పైపు కట్టేసి నా పక్కకు వచ్చాడు. "అక్కా, గిది కోసుడేంది? ఎవలో కూసోని ఎన్ని దినాలు నేసిన్రో. నువ్వు కోస్తవా?"

"నేను కోయకపోతే ఇంకొకడు కోస్తాడయ్యా. వాడైతే వంకరగా కోస్తాడు."

"గట్లంటే మరి కోస్తనంటున్నవా?"

తివాచీని తిరగేసి వెనకవైపు చూస్తున్నాను. మామూలు నమాజు తివాచీకి కుచ్చు తలవైపూ కాళ్ళవైపూ ఉంటుంది. దీనికి కుచ్చు అక్కడ లేదు. కుడి కొసనా ఎడమ కొసనా ఉంది. అంటే గూళ్ళను పడుకోబెట్టి, ఒకదాని తరవాత ఒకటిగా నేశారన్నమాట. పడుగు పోగు ప్రతిదీ తల్లి గూటిలో మొదలై, ముగ్గురు కూతుళ్ళ గూళ్ళ గుండా సాగి, షమ్మా పక్కన కుచ్చయి బయటికి వస్తోంది. నలుగురికీ పోగు ఒకటే. ఆ నీలి స్తంభాలూ అంతే, ఇద్దరి మధ్య ఒక్కటే స్తంభం. తల్లి కుడి స్తంభం తల్లిదే, ఎడమది మాత్రం మోజాది కూడా. కోస్తే ఎవరో ఒకరి గూడు ఒంటి స్తంభంతో మిగలాలి, లేదా ఇద్దరికీ చీలికలు మిగలాలి.

ఆ సాయంత్రమే ముదీర్ దగ్గరికి వెళ్ళి, నా పద్ధతి ప్రకారం ముగ్గురూ రావాలన్నాను. వాళ్ళు అల్ ఐన్‌లో ఉన్నారు, పెద్దింటివాళ్ళు, అంత దూరం రారు అన్నాడు. వస్తే కోస్తాను, రాకపోతే చుట్టి పంపేస్తాను అన్నాను. ఆయన తియ్యగా నవ్వి, నా వీసా రెన్యువల్ దగ్గరకొస్తోందని గుర్తుచేశాడు. చెల్లెలి ఇంటి స్లాబు నా జీతం మీదే లేస్తోంది. అయినా ఆ రాత్రి నిద్రపట్టినంతసేపు పట్టింది గాని, పొద్దున్నే అదే మాట మీదున్నాను. ఉస్తా ఆ బల్లను నాకు అప్పగించి వెళ్ళాడు. ముదీర్‌కు కాదు.

ముగ్గురూ వచ్చిన రోజు

వచ్చారు. పొద్దువాలాక, అసర్ నమాజయ్యాక రెండు బళ్ళల్లో వచ్చారు. హెస్సా, షమ్మా ఒక దాంట్లో, మోజా వేరే. లోపలికి వచ్చాక కూడా మోజా చెల్లెలి వైపు చూడలేదు. వంటపని చేసిన ఏళ్ళల్లో నాకు అరబ్బీ ఇంట్లో మాట్లాడుకునేంత పట్టుబడింది కాబట్టి మధ్యలో ముదీర్ తర్జుమా అవసరం లేకపోయింది. ఆయనకు అదీ నచ్చలేదు.

తివాచీని పొడుగు బల్ల మీద వెనకవైపు పైకి వచ్చేలా పరిచి ఉంచాను. పై అంచుకు చుట్టిన ఉన్నిని ముందే కాస్త కాస్త విప్పి, మొదటి పడుగు పోగును బయటికి తీశాను. హెస్సాను తల్లి గూడున్న కుడి కొసన కూర్చోబెట్టి ఆ పోగు చివర చేతికిచ్చాను. షమ్మాను ఎడమ కొసన కూర్చోబెట్టి ఆ చివర ఇచ్చాను. ఎందుకో చెప్పలేదు, పట్టుకోండమ్మా అన్నాను, పట్టుకున్నారు. మోజాను తల్లి గూటికీ తన గూటికీ మధ్యనున్న నీలి స్తంభం దగ్గర నిలబెట్టి కత్తెర ఇచ్చాను.

"కోయమన్నది మీరు మేడం. మొదటి పోగు మీరే కోయండి."

ముదీర్ గొంతు తగ్గించి, "కరుణా, డ్రామా బంద్ కరో" అన్నాడు.

"ఒక్క నిమిషం భాయ్. నా బల్ల, నా పద్ధతి."

మోజా నన్ను ఎగాదిగా చూసింది. అది స్కూల్లో వందలమందిని చూసిన చూపు. "నేనెందుకు కోయాలి?" అంది.

"రేపు బాగాలేదని నన్ననకుండా" అన్నాను. అది నిజమే. మా అమ్మ కారణమూ అదే.

కోసింది. తటపటాయించలేదు. చిన్న చప్పుడు, అంతే. తివాచీ మీద ఏమీ మారలేదు. ఆమె ముఖంలో ఇంతేనా అన్నట్టొక ధీమా కూడా కనిపించింది. నా ప్రాణం ఉసూరుమంది. ఇక కోయాల్సిందేనని చెయ్యి చాచాను, కత్తెర ఇవ్వమని.

అప్పుడు ఎడమ కొస నుంచి షమ్మా అడిగింది. "నా చేతిలో ఉన్నది అదేనా?"

"అదేనమ్మా" అన్నాను. "మీ చేతిలో ఉన్నదీ, అక్క చేతిలో ఉన్నదీ ఒకటే పోగు. ఇందాకటి దాకా. అమ్మగారి గూటి నుంచి మీ దాకా అన్నీ అలాంటివే."

హెస్సా తన చేతిలోని కొస వైపు చూసి, వదలకుండా వేలికి చుట్టుకుంది. మోజా వంగి, పోగును వేలితో తడుముతూ తల్లి గూటి మీదుగా వెళ్ళి, వెనక్కి తిరిగి తన గూడు, హెస్సా గూడు దాటుకుని షమ్మా దాకా నడిచింది. నడిచి అక్కడే ఆగింది. చెల్లెలి ముందు నిలబడి తల్లి పోయాక గడిచిన మూడు నెలల్లో మొదటిసారి మాట్లాడిందనుకుంటాను.

"ఆ ఇంటికి రావాలంటే నువ్వు పిలవాలి. నువ్వు పిలవలేదు" అంది.

"నువ్వు వస్తావనుకున్నా. తలుపు ఎప్పుడూ వెయ్యలేదు" అంది షమ్మా.

ఆ తరవాత ముగ్గురూ మాట్లాడుకున్నది నేను ఇక్కడ రాయను. అరిచారు, ఏడ్చారు, చచ్చిపోయిన మనిషి వంటల్లో ఉప్పు దగ్గర్నుంచి అన్నీ తవ్వారు. నేనూ రాజన్నా బయట ఎండలో నిలబడ్డాం. ముదీర్ ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. అవతల డేరా వ్యాపారి బండి పంపేశాడనుకుంటాను.

పిలిస్తే లోపలికి వెళ్ళాను. కత్తెర ఇంకా మోజా చేతిలోనే ఉంది. "దీన్ని మళ్ళీ కలపగలవా?" అని అడిగింది.

"ఒక్క పోగే కాబట్టి ఎవరికీ తెలియకుండా కలపగలను. అన్నీ కోశాక అడిగితే మాత్రం అతుకు కనిపిస్తుంది, కాలికి తగులుతుంది."

"తెలియకుండా వద్దు. తెలిసేలా కలుపు" అంది. కత్తెర బల్ల మీద పెట్టేసింది.

ఎర్ర పోగు

వెనకవైపు ఎర్ర ఉన్ని పోగుతో కలిపాను. బొటనవేలంత పొడుగు. ఉస్తా చూస్తే ఆ పదింట్లో ఏడు మాటలూ వాడి ఉండేవాడు. తల్లి మోకాళ్ళ చోట కొత్త ముడులు వేయలేదు, ఉన్న పడుగు తెగిపోకుండా వెనకనుంచి గట్టి గుడ్డ పట్టీ వేశాను. నాలుగు గూళ్ళూ చుట్ట చుట్టి అల్ ఐన్ పంపించాం. బండి కదిలాక రాజన్న, "మంచిగయింది గని, ఇగ నీ పని ఖలాస్ అక్కా" అన్నాడు. వాడి లెక్క తప్పలేదు.

ముదీర్ నన్ను తిట్టలేదు. తరవాతి రెన్యువల్ దాకా మంచిగానే పలకరించాడు. రెన్యువల్ వచ్చాక, వయసైంది కదా కరుణా, ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో అన్నాడు. అలా రిటైరయ్యాను. చెల్లెలి ఇంటి స్లాబు సగంలో ఆగింది, ఇప్పటికీ ఆగే ఉంది. చెల్లెలు కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. దానికి కోపం రావడంలో తప్పులేదు. నాకు మాత్రం, ఆ రోజు మళ్ళీ వస్తే మళ్ళీ అదే చేస్తానని తెలుసు. కాబట్టి పిల్లలూ, మీరు వెళ్ళేది ఎలాంటి చోటికో తెలుసుకుని వెళ్ళండి. కోయమంటారు. కోయండి. కాని మొదటి పోగు వాళ్ళ చేతే కోయించండి. అది మీకు ఒక్కోసారి ఖరీదవుతుంది.

షమ్మా నా నంబరు తీసుకుంది. అప్పుడప్పుడు వాయిస్ మెసేజి పెడుతుంది. శుక్రవారాలు ముగ్గురూ తల్లి ఇంట్లోనే కలుస్తున్నారట. తల్లి గూటి సంగతి ఏంచేశారని అడిగాను. మొదట ఖాళీగా ఉంచారట. తరవాత హెస్సా భర్తకు జబ్బు చేసిన వారం మోజాయే అక్కను తీసుకెళ్ళి ఆ గూటిలో నిలబెట్టిందట. అప్పటి నుంచి అదే అలవాటైంది. వాళ్ళల్లో ఎవరికి కష్టమొస్తే ఆ వారం తల్లి చోటు వాళ్ళది.

ఈ ఎండాకాలం నా కుడి మణికట్టుకు ఆపరేషనైంది. ఏళ్ళ తరబడి ముడులు వేసిన చెయ్యి, వేళ్ళకు స్పర్శ పోతూ వచ్చింది. డాక్టరు తిరిగి వస్తుందో రాదో చెప్పలేనన్నాడు. నాకు చావంటే కూడా అంత భయం లేదు గాని, చేతుల్లేని కరుణమ్మను నేను ఊహించుకోలేకపోయాను. ఆస్పత్రిలో పడుకుని గోడవైపు తిరిగి ఉన్నాను. మా పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. షమ్మాకు ఆపరేషన్ అని ఒక ముక్క పెట్టాను, అంతే.

రెండోరోజు మెసేజి వచ్చింది. షమ్మా గొంతు కాదు, మోజాది. ఆ రోజు తరవాత ఆమె నాతో మళ్ళీ ఎప్పుడూ మాట్లాడింది లేదు. అదే ప్రిన్సిపాల్ గొంతు, ఆర్డరేసినట్టే ఉంది.

"కరూనా, ఈ వారం అమ్మ చోటు నీది. నువ్వు రాలేవు కాబట్టి నీ బదులు నేను నిలబడుతున్నాను. చెయ్యి బాగయ్యేదాకా వేరే ఎవరికీ ఇవ్వం."

నేను చర్చికెళ్ళే మనిషిని. నాకోసం అల్ ఐన్‌లో ఒక ముస్లిం ఇంట్లో తల్లి మోకాళ్ళు అరిగిన చోట ఒక మనిషి నిలబడుతోంది. పక్క మంచం ఆవిడ లేచి కూర్చునేంత గట్టిగా ఏడ్చాను.

ఏడుపు తగ్గాక ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని జవాబు చెప్పాను. థాంక్స్ చెప్పడం మరిచిపోయాను. తివాచీ తిరగేసి ఎర్ర పోగు ఎలా ఉందో చూసి చెప్పమన్నాను.

కాసేపటికి చెప్పింది. గట్టిగానే ఉందట.